గెలుపు రాత్రి, ఓడిన ఊళ్లో

మే 4, 2017, గురువారం – పారిస్

ముందు రోజు రాత్రి టీవీ డిబేట్ చూడనివాళ్లు పారిస్‌లో ఎవరూ లేరేమో. గార్ దు నోర్ స్టేషన్ ఎదురుగా కాఫీ కొట్లో, మెట్రోలో, నేను దిగిన హోటల్ కౌంటర్ దగ్గర, ఎక్కడ విన్నా అవే కబుర్లు. ఆదివారం ఫ్రాన్స్ అధ్యక్ష ఎన్నిక చివరి రౌండ్. అందులో మిగిలిన ఇద్దరూ, అటు లెఫ్టూ ఇటు రైటూ కాదనే ఇమాన్యుయెల్ మాక్రాన్, వలస వచ్చినవాళ్లంటే గిట్టని తీవ్ర రైట్ పార్టీ నాయకురాలు మరీన్ లెపెన్, రెండున్నర గంటలపాటు ఎదురుబొదురుగా కూర్చుని వాదించుకున్నారు. ఆల్‌స్టామ్ వ్యవహారం మీద నిలదీయబోయి లెపెన్ ఎస్‌ఎఫ్‌ఆర్ సంగతులు మాట్లాడేసింది. ఒకటి టర్బైన్లు చేసే కంపెనీ, రెండోది ఫోన్ల కంపెనీ. మాక్రాన్ అక్కడికక్కడే పట్టుకున్నాడు. హోటల్ ఆవిడ గది తాళం ఇస్తూ, "మొన్నటిదాకా నిద్ర పట్టలేదు, నిన్న ఆ డిబేట్ చూశాక పట్టింది" అంది. ఎవరికి వేస్తారని అడిగితే మాక్రాన్‌కే అంది. ఆయనంటే ఇష్టమా అంటే మాత్రం భుజాలు ఎగరేసి, నా వెనకాల నిలబడ్డ మనిషి వైపు తిరిగింది.

ఆ ప్రయాణంలో నాకు చాలామంది ఇచ్చిన జవాబు అదే.

ఇక్కడి పద్ధతి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఫ్రాన్స్‌లో అధ్యక్షుణ్ని జనమే నేరుగా ఎన్నుకుంటారు. మొదటి రౌండ్‌లో ఎవరికీ సగానికి మించి ఓట్లు రాకపోతే, పైన నిలిచిన ఇద్దరికీ రెండు వారాల తర్వాత మళ్లీ పోటీ. ఏప్రిల్ 23న జరిగిన మొదటి రౌండ్‌లో 11 మంది నిలబడ్డారు. మాక్రాన్‌కి 24.01 శాతం, లెపెన్‌కి 21.30, సంప్రదాయ రైట్ అభ్యర్థి ఫియాన్‌కి 20.01, సోషలిస్టుల కన్నా లెఫ్ట్‌గా ఉండే మెలెన్షాన్‌కి 19.58 వచ్చాయి. అంటే నలుగురూ ఇంచుమించు పక్కపక్కనే ఉన్నారు. ఏళ్ల తరబడి దేశాన్ని మార్చి మార్చి ఏలిన సోషలిస్టులూ, సంప్రదాయ రైట్ పార్టీ, ఇద్దరూ రెండో రౌండ్‌కి చేరకపోవడం అదే మొదటిసారి. ఓటేసిన నూరు మందిలో డెబ్బై ఆరుగురు మొదట మాక్రాన్‌ని కోరుకోలేదు. వాళ్లంతా ఇప్పుడేం చేస్తారు, చేశాక వాళ్ల మనసులో ఏముంటుంది? నేను టికెట్ కొనుక్కుని వచ్చింది ఇది వినడానికే. హైదరాబాద్‌లో కష్టపడి నేర్చుకున్న ఫ్రెంచ్ ఇన్నాళ్లకి అక్కరకొచ్చింది.

అందరి కళ్లూ మెలెన్షాన్ ఓటర్ల మీదే ఉన్నాయి. ఆయన ఫలానావాళ్లకి వెయ్యమని చెప్పలేదు. ఆయన ఉద్యమంలో ఉన్నవాళ్లని అడిగితే 36 శాతం ఎవరి పేరూ లేని ఖాళీ ఓటో, చెల్లని ఓటో వేస్తామన్నారు, 35 శాతం మాక్రాన్‌కి అన్నారు, మిగిలిన 29 శాతం అసలు వెళ్లమన్నారు. 2002లో ఇలా లేదు. అప్పుడు లెపెన్ తండ్రి జాన్ మరీ లెపెన్ రెండో రౌండ్‌కి వస్తే లెఫ్ట్ వాళ్లు కూడా కదిలి వెళ్లి, అప్పటి అధ్యక్షుడు, సంప్రదాయ రైట్ మనిషి షిరాక్‌కి వేశారు. షిరాక్‌కి 82.21 శాతం వచ్చింది. పదిహేనేళ్లలో ఆ కట్టుబాటు ఎందుకు సడలిందన్నది అర్థం కావాలంటే పారిస్‌లో కూర్చుంటే కుదరదు. ఉత్తరానికి వెళ్లాలి.

మే 5, శుక్రవారం – అమియాన్

పారిస్ నుంచి రైల్లో గంటకి కాస్త పైన. మాక్రాన్ పుట్టిన ఊరు. ఏడాది కిందట, 2016 ఏప్రిల్‌లో, తన 'ఆన్ మార్ష్' ఉద్యమాన్ని మొదలుపెట్టిందీ ఇక్కడే. అప్పటిదాకా ఏ ఎన్నికలోనూ గెలవని మనిషి, 39 ఏళ్లవాడు, ఏడాదిలో అధ్యక్ష పదవి గుమ్మం దాకా వచ్చేశాడు.

అమియాన్ కెథడ్రల్ చూడకుండా ఎవరూ వెనక్కి రారు, నేనూ రాలేదు. పదమూడో శతాబ్దపు కట్టడం, లోపలి కప్పు 42 మీటర్ల ఎత్తు. మెడ నొప్పెట్టేదాకా చూసి బస్సెక్కాను. ఊరికి ఉత్తరాన ఇండస్ట్రియల్ ఏరియాలో వర్ల్‌పూల్ ఫ్యాక్టరీ ఉంది. బట్టలు ఆరబెట్టే మెషీన్లు చేస్తారు. అందులో 290 మంది దాకా పర్మినెంట్ వర్కర్లు, వాళ్లు కాక టెంపరరీ వాళ్లూ, సప్లై కంపెనీల వాళ్లూ. ఆ పని మొత్తం పోలెండ్‌లోని ఊజ్‌కి తరలిస్తామని జనవరిలో కంపెనీ ప్రకటించింది. ఈ ఊరికి ఇది కొత్త కాదు. మూడేళ్ల కిందటే గుడ్‌ఇయర్ టైర్ల ఫ్యాక్టరీ మూతపడి 1,100 మందికి పైగా ఇంటికెళ్లారు.

ఏప్రిల్ 26న దేశమంతా టీవీలో చూసింది ఈ ఫ్యాక్టరీ పార్కింగ్ స్థలాన్నే. మాక్రాన్ ఊరి మధ్యలో ఛాంబర్ ఆఫ్ కామర్స్‌లో యూనియన్ నాయకులతో మీటింగ్‌లో ఉంటే, లెపెన్ చెప్పాపెట్టకుండా తిన్నగా గేటు దగ్గరికి వచ్చేసింది. వర్కర్లతో సెల్ఫీలు దిగింది, నేను గెలిస్తే ఈ ఫ్యాక్టరీ మూతపడదంది. మధ్యాహ్నం మాక్రాన్ కూడా రాక తప్పలేదు. ఈలలు, కేకలు, కాలుతున్న టైర్ల పొగ. అయినా వెళ్లిపోకుండా జనం మధ్యలో నిలబడి చాలాసేపు వాదించాడు. చెయ్యలేని వాగ్దానం చెయ్యనన్నాడు, ఫ్యాక్టరీని కొనేవాళ్లని వెతుకుదామన్నాడు.

నేను వెళ్లేసరికి అక్కడ కెమెరాలేవీ లేవు. తారు మీద టైర్లు కాలిన నల్లటి మచ్చలు మాత్రం గుండ్రంగా అలాగే ఉన్నాయి. బస్టాప్‌లో ఫ్యాక్టరీ జాకెట్ వేసుకున్న ఒకావిడ కూర్చుని ఉంది. యాభై దాటి ఉంటాయి. ఇండియా నుంచి వచ్చానంటే ఆశ్చర్యపోయి, పక్కన కూర్చోమని బ్యాగ్ తీసింది. మొదటి రౌండ్‌లో లెపెన్‌కే వేసింది, ఆదివారం కూడా ఆవిడకే వేస్తానంది. దాచుకోలేదు, గట్టిగానూ చెప్పలేదు. "ఆవిడ మా దగ్గరికి వచ్చింది. ఆయన మా నాయకుల్ని తన దగ్గరికి పిలిపించుకున్నాడు." తర్వాత ఆయనా వచ్చాడు కదా అన్నాను. వచ్చాడు, నిలబడ్డాడు, ఆ ధైర్యం మెచ్చుకోవాల్సిందే అంది. "కానీ నా వయసులో ఇంకెక్కడ పని దొరుకుతుందో ఆయన చెప్పలేదు."

లెపెన్ మాత్రం ఫ్యాక్టరీని నిజంగా ఆపగలదా అని అడిగాను. ఆవిడ కాసేపు ఏం మాట్లాడలేదు. ఆపలేదని తనకీ తెలుసట.

ఈ కథకి తర్వాతి ముక్క కూడా ఇక్కడే చెప్పేస్తాను, నోట్‌బుక్ దగ్గర పెట్టుకుని ఇప్పుడు రాస్తున్నాను కాబట్టి. 2018లో వర్ల్‌పూల్ అక్కడ ఉత్పత్తి ఆపేసింది. ఆ స్థలం తీసుకున్న స్థానిక కంపెనీ కొందరికి పని ఇచ్చింది, 2019కల్లా అదీ దివాళా తీసింది. బస్టాప్‌లో ఆవిడ భయం ఒట్టి అపోహ అని పారిస్‌లో నాతో అన్నవాళ్లున్నారు. అపోహ కాదని తేలింది.

సాయంత్రం సిగరెట్లు, లాటరీ టికెట్లు అమ్మే కాఫీ కొట్లో రిటైరైన యూనియన్ మనిషి ఒకాయన కలిశాడు. జీవితమంతా లెఫ్ట్‌కే ఓటేశాడు. ప్లేగు కావాలా, కలరా కావాలా అని అడుగుతున్నారంటాడు. ఈ మాట అప్పుడు ఫ్రాన్స్‌లో అందరి నోటా ఉంది. ఖాళీ కవరు వేస్తానన్నాడు. కౌంటర్ వెనక ఉన్న కుర్రాడు, బహుశా అల్జీరియా మూలాలున్నవాడు, గ్లాసులు తుడుస్తూ ఈ మాట విని తలెత్తాడు. "మీకు రెండూ ఒకటే కావచ్చు. నాకు కాదు." ముసలాయన తల దించుకున్నాడు. నాకు ఆ కుర్రాడి మాటే న్యాయంగా తోచింది, ఇప్పటికీ అదే తోస్తుంది.

మే 6, శనివారం – లాన్స్

శుక్రవారం అర్ధరాత్రితో ప్రచారం బంద్. సరిగ్గా దానికి ముందు మాక్రాన్ టీమ్ ఈమెయిళ్లు వేల సంఖ్యలో హ్యాక్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టేశారు. అందులో ఉన్నవాటిని ప్రచురించవద్దని ఎన్నికల పర్యవేక్షణ కమిషన్ మీడియాని కోరింది, పేపర్లు చాలావరకు మాట విన్నాయి. సర్వేల అంచనాలు కూడా ఆ రోజు వెయ్యకూడదు. రేడియోలో వాతావరణం, ఫుట్‌బాల్.

అమియాన్ నుంచి ఆరాస్ మీదుగా లాన్స్ చేరాను. రైలు కిటికీలోంచి చదునైన పొలాల మధ్య నల్లటి గుట్టలు కనిపిస్తాయి. గనుల్లోంచి బొగ్గుతోపాటు పైకి తెచ్చిన రాళ్లూ మట్టీ పోసీ పోసీ అలా కొండలయ్యాయి. మన సింగరేణి ఊళ్లలో పెరిగినవాళ్లెవరైనా చూడగానే గుర్తుపడతారు. 1906లో కూరియేర్ గనిలో పేలుడు జరిగి 1,099 మంది చనిపోయింది ఈ చుట్టుపక్కలే. చివరి గని 1990లో వాన్యీలో మూసేశారు. 2012లో ఈ గనుల ప్రాంతాన్ని యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు, అదే ఏడాది లాన్స్‌లో లూవ్ర్ మ్యూజియం శాఖ కూడా తెరిచారు. మ్యూజియం బావుంది. ఉద్యోగాలు మాత్రం తిరిగి రాలేదు.

మే 7, ఆదివారం – ఎనాన్ బోమోన్

లాన్స్ నుంచి లోకల్ రైల్లో కొద్ది నిమిషాలు. ఎర్ర ఇటుకల ఇళ్లు, వరసగా, ఒకదాన్నొకటి ఆనుకుని. 2014 నుంచి ఇక్కడ మేయర్ లెపెన్ పార్టీ మనిషే. అంతకుముందు దశాబ్దాల పాటు సోషలిస్టులు ఏలారు, చివరికి మున్సిపాలిటీని అప్పుల్లోకి నెట్టి, అవినీతి కేసుల్లో ఇరుక్కున్నారు. ఊరి పక్కనే మెటల్యూరోప్ సీసం ఫ్యాక్టరీ 2003లో రాత్రికి రాత్రి మూతపడింది, ఎనిమిది వందల మందికి పైగా వీధిన పడ్డారు. ఎర్రజెండా ఊరు మరీన్ లెపెన్ ఊరుగా ఎలా మారిందంటే, ఈ రెండు సంగతులూ తెలియకుండా చెప్పలేం.

లెపెన్ ఓటు ఇక్కడే. ఆవిడ వెయ్యాల్సిన స్కూలు దగ్గర కెమెరాల తోపులాట చూసి నేను వేరే స్కూలుకి నడిచాను. గేటు బయట రేకు పలకల మీద ఇద్దరి పోస్టర్లూ పక్కపక్కనే అతికించి ఉన్నాయి. పోలింగ్ స్టేషన్ పెద్దాయన్ని అడిగితే, మూల నిలబడి చూడమన్నాడు.

మన ఈవీఎంలకి అలవాటు పడ్డ కళ్లకి ఇదంతా కొత్త. బల్ల మీద రెండు కాగితాల దొంతరలు, ఒక దాని మీద ఒక పేరు, రెండో దాని మీద రెండో పేరు. ఓటరు రెండు దొంతరల్లోంచీ ఒక్కో కాగితం తీసుకోవాలి, లేకపోతే ఎవరికి వేస్తున్నారో తెలిసిపోతుంది. చిన్న కవరు ఒకటి తీసుకుని తెర చాటుకి వెళ్లి, కావలసిన కాగితం అందులో పెట్టుకుని బయటికి రావాలి. గాజులా పారదర్శకంగా ఉండే పెట్టె. కవరు లోపల పడగానే అధికారి గట్టిగా "ఓటేశారు!" అని ప్రకటిస్తాడు, ఓటరు రిజిస్టర్లో సంతకం పెడతాడు. వేలికి సిరా ఉండదు. ఒక బామ్మ చేతికర్ర పక్కన పెట్టి, రెండు చేతులతో కవరు పట్టుకుని వేసింది. ఆ కేక వినగానే గర్వంగా అందరి వైపూ చూసింది.

బయట బెంచీ మీద ఆవిడ పక్కనే కూర్చున్నాను. గని కార్మికుడి భార్య, భర్త ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. మొదటి రౌండ్‌లో లెపెన్‌కి వేసిందట, ఈసారి మాక్రాన్‌కి. కారణం యూరో. లెపెన్ వస్తే యూరో వదిలేసి పాత ఫ్రాంకుకి వెళ్తామంటోంది, దాచుకున్న నాలుగు డబ్బులూ ఏమవుతాయని భయం. "ఆవిడంటే నాకు ఇష్టమే" అని నా చెయ్యి పట్టుకుని చెప్పింది. ఒక నలభై ఏళ్లాయన మా మాటలు విని నిలబడి, అరబ్బులకి ఇళ్లు ఇస్తారు, మాకు ఇవ్వరు అన్నాడు. నా మొహం చూసి, నిన్ను కాదులే అని కూడా అన్నాడు. ఫ్యాక్టరీ పోయినవాడి బాధ నాకు అర్థమవుతుంది. ఆ బాధకి పక్కింటి నల్లటి మనిషిని జవాబుదారీ చెయ్యడం అర్థం కాదు, అర్థం చేసుకోవాలనీ లేదు. అదే అతనితో నా వచ్చీరాని ఫ్రెంచ్‌లో చెప్పాను. కోప్పడలేదు. తల అడ్డంగా ఊపి లోపలికి వెళ్లాడు.

సాయంత్రం ఏడింటికి పోలింగ్ ఆపి, అక్కడే, అదే గదిలో లెక్కింపు మొదలుపెట్టారు. లెక్కపెట్టేది ప్రభుత్వ ఉద్యోగులు కాదు, ఊరివాళ్లే. కవర్లు వందేసి కట్టలుగా కట్టారు. టేబుల్‌కి నలుగురు. ఒకరు కవరు తెరిచి కాగితం విప్పి పక్కవాళ్లకి ఇస్తారు, వాళ్లు పేరు పైకి చదువుతారు, మిగతా ఇద్దరూ విడివిడిగా గీతలు పెడతారు. ఇద్దరి గీతలూ సరిపోవాలి. ఓటర్లు ఎవరైనా టేబుళ్ల చుట్టూ తిరిగి చూడొచ్చు. "లెపెన్... లెపెన్... మాక్రాన్... లెపెన్... ఖాళీ..." ఏ భావమూ లేని గొంతుతో చదువుతున్న అమ్మాయికి ఇరవై ఏళ్లుంటాయేమో. ఒక కవర్లో రెండు పేర్లూ ఉన్న కాగితాలు చించి వేశారు. ఇంకో దాంట్లో మాక్రాన్ కాగితం మీద పెన్నుతో ఏదో రాసి ఉంది. ఆ అమ్మాయి చదివి పైకి అనకుండా పక్కనున్నాయనకి చూపించింది. చెల్లదు. రాసినవాళ్లకీ తెలుసు చెల్లదని, అయినా ఎవరో ఒకరు చదువుతారని రాసి ఉంటారు. మన నోటా బటన్‌లో ఆ అవకాశం లేదు.

ఎనిమిదింటికి ఐదు నిమిషాల ముందు సెంటర్లో ఉన్న బార్‌కి పరుగెత్తాను. టీవీలో అంకెలు లెక్కపెడుతున్నారు. సరిగ్గా ఎనిమిదింటికి తెర మీద మాక్రాన్ ఫోటో వచ్చింది. బార్లో ఎవరూ అరవలేదు, ఎవరూ ఏడవలేదు. ఓటమి అందరికీ ముందే తెలుసు. అంకె చూశాకే కదలిక వచ్చింది. శుక్రవారం దాకా సర్వేలు లెపెన్‌కి 37, 38 శాతం ఇచ్చాయి, వచ్చింది 35 లోపు. "ఆ డిబేటే ముంచింది" అన్నాడు కౌంటర్ దగ్గర ఒకడు. "పర్లేదు, తండ్రికి వచ్చినదానికి దాదాపు రెట్టింపు" అన్నాడు ఇంకొకడు. మూలన ఇద్దరు ఆడవాళ్లు గ్లాసులు కలుపుకున్నారు, చప్పుడు కాకుండా. దగ్గరికెళ్తే నర్సులమని చెప్పారు. ఈ ఊళ్లో ఆనందపడటం కూడా అటూ ఇటూ చూసుకుని పడాలి అన్నారు. అది విని నాకు చాలా బాధేసింది. గెలిచినవాళ్లు గెలిచినట్టు ఉండలేని ఊరు అది. ఎనాన్ బోమోన్‌లో లెపెన్‌కి ఆ రోజు 61.56 శాతం పడింది. మొత్తం దేశంలో ఆవిడ ముందున్న జిల్లాలు రెండే: ఇది ఉన్న పా ద కలే, ఉత్తరానే ఉన్న ఏన్.

ఆఖరి రైలందుకుని లాన్స్ హోటల్లో టీవీ పెట్టాను. పారిస్‌లోని అసలు లూవ్ర్ ఆవరణలో మాక్రాన్ ఒక్కడే నడుచుకుంటూ వస్తున్నాడు, వెనక యూరప్ గీతం. ఆ నడక గురించి మర్నాడు పేపర్లన్నీ రాశాయి. నేను రాసుకున్నది ఆయన అన్న రెండు మాటలు. తన భావాలతో ఏకీభవించకుండా, దేశాన్ని కాపాడుకోవడానికి ఓటేసినవాళ్లు ఉన్నారని, అది తనకి రాసిచ్చిన ఖాళీ చెక్కు కాదని తెలుసన్నాడు. లెపెన్‌కి ఓటేసినవాళ్లని జనం ఎగతాళి చెయ్యబోతే ఆపాడు. వాళ్లకి ఇకమీదట అతివాద పార్టీలకి వెయ్యాల్సిన కారణమే లేకుండా ఐదేళ్లూ పనిచేస్తానన్నాడు.

మే 8, సోమవారం – మళ్లీ పారిస్

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన రోజు, సెలవు. ఆర్క్ ద త్రియోంఫ్ స్మారకం దగ్గర, పదవి దిగిపోతున్న అధ్యక్షుడు ఒలాండ్, మాక్రాన్ పక్కపక్కన నిలబడి పూలు పెట్టారు. పారిస్‌లో మాక్రాన్‌కి 89.68 శాతం వచ్చింది. అంత వచ్చిన ఊళ్లో పండగలా ఉంటుందనుకుంటాం. ఉన్నది పండగ కాదు, ఊపిరి పీల్చుకోవడం. రొట్టెల దుకాణం క్యూలో నా ముందున్నాయన ఒకే ఒక్క మాటన్నాడు: "గండం గడిచింది."

పేపర్లో మొత్తం లెక్కలొచ్చాయి. మాక్రాన్‌కి 2 కోట్ల 7 లక్షల ఓట్లు, 66.1 శాతం. లెపెన్‌కి కోటీ 6 లక్షలు, 33.9 శాతం. ఓటర్లలో నాలుగో వంతు మంది రాలేదు. ఖాళీ ఓట్లు 30 లక్షలు, చెల్లనివి 10 లక్షలు. పనిగట్టుకుని ఆదివారం పూట స్కూలు దాకా నడిచి, వరసలో నిలబడి, ఇద్దరిలో ఎవరూ వద్దని చెప్పొచ్చిన 40 లక్షల మంది! ఈ అంకె నన్ను గెలుపు అంకె కన్నా ఎక్కువ కుదిపింది. శాతాలు కట్టేటప్పుడు వీళ్లని పక్కన పెట్టేస్తారు. 66 అన్నది ఇద్దరిలో ఒకరిని ఎంచుకున్నవాళ్ల లెక్క మాత్రమే.

ఇప్సోస్ సర్వే వాళ్లు మాక్రాన్ ఓటర్లనే ఎందుకు వేశారని అడిగారు. లెపెన్‌ని ఆపడానికని 43 శాతం, రాజకీయాల్లో కొత్తదనం కోసమని 33, ఆయన కార్యక్రమం నచ్చి 16, ఆ మనిషి నచ్చి 8. ఉత్తరాన నేను విన్నదంతా ఈ నాలుగు అంకెల్లో ఉంది.

మధ్యాహ్నం రిపబ్లిక్ చౌరస్తాలో కొన్ని యూనియన్లు, సంఘాలు కలిసి ఊరేగింపు తీశాయి. కొత్త అధ్యక్షుడు గెలిచి ఇంకా రోజు కూడా కాలేదు, పదవిలోకి కూడా రాలేదు. కార్మిక చట్టాల మీద చెయ్యేస్తే ఊరుకోమని ముందే చెప్పడానికి వచ్చారు. అందులో రిటైరైన టీచరు ఒకావిడ నాతోపాటు బాస్తీ చౌరస్తా దాకా నడిచింది. నిన్న మాక్రాన్‌కి వేసింది, ఇవాళ ఆయనకి వ్యతిరేకంగా ప్లకార్డు పట్టుకుంది. రెండూ ఒకే మనిషి ఎలా చేస్తుందని నేను అడగకముందే చెప్పింది. "నిన్న నేను వేసింది ఈ ఊరేగింపు తీసుకునే హక్కు కోసం. లెపెన్ వచ్చుంటే ఇవాళ ఇక్కడ ఎలా ఉండేదో?" 2002లో షిరాక్‌కి వెయ్యడానికి కొందరు చేతికి గ్లౌజులు, ముక్కుకి బట్టల క్లిప్పులు పెట్టుకుని వెళ్లారట. దొంగకైనా వేద్దాం, ఫాసిస్టుకి వద్దని నినాదం. అప్పుడు గెలిచాక షిరాక్ తమని తలుచుకోనేలేదని, ఇప్పటి పిల్లలు ఖాళీ కవర్లు వెయ్యడానికి మూలం అక్కడుందని ఆవిడ లెక్క. పారిస్‌లో నేను విన్న వివరణలన్నింటిలో నాకు నమ్మకం కుదిరింది దీని మీదే.

మే 9, మంగళవారం – గార్జ్

గార్ దు నోర్ నుంచి ఆర్‌ఈఆర్ అనే లోకల్ రైలు డి లైన్‌లో గార్జ్ సార్సెల్. పాండిచ్చేరి మూలాలున్న కుటుంబాలు ఈ పక్క ఊళ్లలో చాలా ఉన్నాయి. మా స్నేహితురాలి బాబాయిగారిది యానాం. గోదావరి ఒడ్డున, కాకినాడకి దగ్గర్లో ఉన్న యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ల చేతిలో ఉండేది, భారత్‌కి అప్పగించే ఒప్పందం 1962 ఆగస్టు 16న పూర్తిగా అమల్లోకి వచ్చింది. కావాలన్నవాళ్లు ఆరు నెలల్లోగా ఫ్రెంచ్ పౌరసత్వం ఎంచుకోవచ్చన్నారు. బాబాయిగారి నాన్నగారు ఎంచుకున్నారు. అలా ఈయన ఫ్రెంచి పట్టాళంలో చేరి, రిటైరై, ఇక్కడే స్థిరపడ్డారు. తలుపు తీస్తూనే, "రామ్మా, లోపలికి రా! మంగళవారం కదా, ఇవాళ యానాంలో సంత" అన్నారు. భాషలో గోదావరి యాస అలాగే ఉంది.

పిన్నిగారు పులస దొరకదని సాల్మన్ తోనే పులుసు పెట్టారు. తింటూ ఓట్ల గురించి అడిగాను. బాబాయిగారు మొదటిసారి ఫియాన్‌కి, రెండోసారి మాక్రాన్‌కి. పట్టాళం మనిషి, రూలు ప్రకారం మాట్లాడతారు. దేశం నిలబడాలి, అంతే. పిన్నిగారు రెండుసార్లూ మాక్రాన్‌కే. లెపెన్ ఉద్యోగాల్లో, ఇళ్లలో ముందు ఫ్రెంచివాళ్లకే అంటోంది కదా, మీరు ఫ్రెంచివాళ్లే కదా అన్నాను. పిన్నిగారు గరిటె పక్కన పెట్టారు. "కాగితం మీద మేం ఫ్రెంచివాళ్లమేనమ్మా. బస్సెక్కితే కాగితం ఎవరు చూస్తారు? మొహం చూస్తారు. టీవీలో ఫోటో పడేదాకా చెయ్యి వణుకుతూనే ఉంది. పడ్డాక దేవుడికి దీపం పెట్టాను."

వాళ్లమ్మాయి లా చదువుతోంది. మొదట మెలెన్షాన్‌కి వేసింది, ఆదివారం ఖాళీ కవరు వేసింది. ఆ సంగతి తండ్రికి అక్కడే, భోజనాల బల్ల దగ్గరే తెలిసింది. తండ్రి కంచంలో చెయ్యి ఆపేశారు. "మన లాంటివాళ్లం ఖాళీ కవరు వెయ్యొచ్చా తల్లీ?" అన్నారు. అరవలేదు, అందుకే ఆ మాట ఇంకా గట్టిగా తగిలింది. అమ్మాయి తెలుగు, ఫ్రెంచ్ కలిపి జవాబిచ్చింది. "నాన్నా, మీరు ప్రతిసారీ భయంతోనే వేస్తారు. వాళ్లకీ అది తెలుసు. భయపడే ఓటుకి ఎవరూ ఏమీ ఇవ్వక్కర్లేదు." పిన్నిగారు ఇద్దరి వైపూ చూసి, అన్నం చల్లారిపోతోంది తినండన్నారు. ఎవరు గెలిచారో చెప్పలేను. నేను తండ్రి పక్షమే, ఆ గదిలో నాకు ఓటుంటే మాక్రాన్ కాగితమే పెట్టేదాన్ని. కానీ ఆ అమ్మాయి అన్నది తప్పని చెప్పడానికి నా దగ్గర ఒక్క ఉదాహరణ కూడా లేకపోయింది.

కాఫీ తాగుతుంటే మళ్లీ మామూలైపోయారు. జూన్ 11, 18 తేదీల్లో పార్లమెంటు ఎన్నికలు. అప్పుడు లెక్కింపు టేబుల్ దగ్గర కూర్చోవడానికి పేరిచ్చానంది అమ్మాయి. బాబాయిగారు తనూ వస్తానన్నారు. ఒకే టేబుల్ మీద గీతలు పెడితే ఇద్దరివీ సరిపోతాయో లేదో చూద్దామన్నారు.

2022 ఏప్రిల్ 24న అదే ఇద్దరు అభ్యర్థులు మళ్లీ ఎదురుపడ్డారు. మాక్రాన్‌కి 58.55 శాతం, లెపెన్‌కి 41.45. లెపెన్ ఓట్లు కోటీ 6 లక్షల నుంచి కోటీ 33 లక్షలకి చేరాయి. ఆ రాత్రి అమ్మాయి నుంచి మెసేజ్ వచ్చింది. ఈసారి మాక్రాన్‌కే వేసిందట, కోపంతోనే వేసిందట. లూవ్ర్ దగ్గర ఆయన అన్న మాట నా నోట్‌బుక్‌లో ఉందా, ఉంటే ఫోటో తీసి పంపమని అడిగింది. పంపాను.